గురివింద తూకం

మా నాయిన కొట్టుకు యాకూబ్ పాషా
బంగారం కొననీకి రాలేదెన్నడూ.
మట్టెవాడ సందుల సైకిల్ ఆపి
చెమట తుడుచుకోని, గుడ్డసంచిల నుంచి
రెండు పుస్తకాలు, అరచేతంత త్రాసు తీసేటోడు.
"సోమాచారీ, నా త్రాసు అబద్ధమాడుతున్నదేమో,
జర నీ త్రాసునడుగు."

మామునూరు పటాలంల తుపాకులు బాగుచేసి
పింఛనుకొచ్చిన మనిషి.
పోటీలకు పొయ్యే పిల్లల పిస్తోళ్లకు
క్లబ్బు గదిల, గోడకున్న లైసెన్సు కాగితం కింద,
తూటాలు కట్టేటోడు.
మందు మాత్రం మా గడప తొక్కలే.
కుంపటి ఉన్న ఇంటికి ఏం తేవద్దో
ఆయనకు ఒకలు చెప్పాల్నా.
తెచ్చేది అంకెలు, కాల్చిన ఇత్తడి గుల్లలు.

నాయిన ఒక గుల్లను వేళ్ల నడుమ తిప్పి
"ఇంత మంచి ఇత్తడి, ఒక్క కేకకే అయిపాయె" అంటే
"అయిపోదు. కడుగుత, సాపు చేస్త, మళ్ల నింపుత.
మళ్ల అరుస్తది" అనేటోడు పాషా
మనవరాలి సంగతి చెప్పినట్టు.

ఇంగ్లీషోళ్ల తూకం గ్రెయిన్. అంటే గింజే.
వాళ్లది ఏ చలిదేశపు యవగింజనో,
మాది గురివింద.
నాయిన తూచి చూసిండు:
వాళ్ల గింజ మా గింజల సగానికి పిసరెక్కువ.
"గురి మీదిక్కు, వింద మాదిక్కు" అని నవ్వి
ఒక్క చాయ్‌ని ఇద్దరు పంచుకున్నరు.

ఆ ఎండాకాలం మాత్రం నవ్వలే.
ఒకటే మందు పేరు, ఒకటే బరువు గుండు,
అచ్చు పుస్తకంల ఒక అంకె,
ఉస్తాదు చేతిరాతల ఇంకో అంకె.
ఎనిమిదో తరగతి లెక్కలు చేసుకుంట నేనన్న:
"రెండూ కలిపి సగం చేస్తే అయిపాయె గద."

ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది.
పాషా కోపం చెయ్యలే.
కుడి కనుబొమ్మల వెంట్రుకలు మొలవని గీతను
వేలుతోటి చూపిచ్చిండు.
"ఇది సగం చేసిన లెక్క, బిడ్డా.
ఈ పుస్తకపోడి గొట్టం పొడుగు వేరు,
మందు డబ్బా వేరు, వాని ఊరి చలి వేరు.
ఉస్తాదు కాల్చింది రామగుండం ఎండల.
ఎవరి తుపాకి సంగతి వాళ్లు రాసిండ్రు.
ఇద్దరి నడుమ నిజం కూసోని ఉండదు,
బస్సుల సీటు పట్టుకున్నట్టు."

ఉస్తాదు అంకెలు ఉర్దూల ఉన్నయి.
రెండుకు ఒక పన్ను, మూడుకు ఇంకో పన్నెక్కువ.
వెండిపురుగు సరిగ్గ ఆడనే తిన్నది.
నాయిన కంటికి భూతద్దం బిగిచ్చి
ముక్కుపుడక రాయిని చూసినట్టు చూసి చూసి
"పన్నున్నదో, లేకుండెనో
దేవునికెరుక" అన్నడు.

"అయితె అది అంకె గాదు, మరక."
పాషా ఉస్తాదు పుస్తకం మూసి
కండ్లకద్దుకున్నడు.
అచ్చు పుస్తకంల అన్నిట్లకంటె కింది అంకె కాడ
గోరుతోటి గీత పెట్టి
"ఈడికెల్లి మొదలు.
గుల్ల ముఖం చూసుకుంట పోవాలె,
అది చాలంటే చాలు" అన్నడు.

పోతపోత నాయినకన్నడు:
"గురివింద తన నలుపెరుగదంటరు. త్రాసూ అంతే.
గందుకే నా దాన్ని నీ కాడికి తెస్త."
"మరి నా త్రాసు?"
"దాన్ని ఎవరికాడికి తీస్కపోతవో
నువ్వు ఆలోచన చెయ్యి."
నాయిన ఆ రాత్రి అన్నం సరిగ్గ తినలే.

ఇప్పుడు కొట్టు నాది. గల్లపెట్టెల పాషా త్రాసు,
ఆయన కొడుకు యాజ్దాని తెచ్చిచ్చిన ఉస్తాదు పుస్తకం.
పురుగు తిన్న అంకె పక్కన
పెన్సిలు తోటి, వంకర తెలుగుల, పాషా చేతిరాత:
తెల్వదు.

అచ్చు పుస్తకం మొత్తం తిరగేసిన.
అన్ని గళ్లల్ల అంకెలున్నయి.
ఆ మాట ఒక్క గడిల లేదు.